నాలుగో ట్యాంకు జవాబు

ఆ ఫ్యాక్టరీలో చెవి అంటే పెద్ద ఫిట్టరుదే. స్క్రూడ్రైవరు మొన మోటారుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడంటే, ఏ బేరింగు ఏ నెలలో పోతుందో వారంతో సహా చెప్పేసేవాడు. మూడు గోడల అవతల పంపులో నట్టు వదులైతే, తింటున్న అన్నం వదిలేసి పరిగెత్తిన మొనగాడు. ఆ పంపు ఇప్పటికీ అతడి పేరు తలుచుకునే తిరుగుతోంది.

అలాంటి చెవిని మూలకు నెట్టేసి, యంత్రానికో సెన్సారు బిగించారు. మనిషి చేతికో పట్టీ. ఎవడు ఎక్కడున్నాడు, ఎవడి నాడి ఎంత కొట్టుకుంటోంది, అంతా మేనేజరు చేతిలోని తెర మీదే. ట్యాంకులో గాలి మంచిదైతే పచ్చ లైటు.

దాంతో పాత పద్ధతి ఎత్తేశారు. ట్యాంకు కడగడానికి దిగినవాడు స్పానరుతో మూడు దెబ్బలు కొడితే, బయట నిలబడ్డవాడు మూడు కొట్టి జవాబివ్వాలి. లోపలి దెబ్బలు ఆగితే తాడు లాగాలి. సెన్సారుండగా బయట ఇంకో మనిషి దండగ అన్నాడు మేనేజరు.

పన్నెండు రోజుల క్రితం ఆ పచ్చ లైటునే నమ్ముకుని ఫిట్టరు తమ్ముడు నాలుగో ట్యాంకులోకి దిగాడు. ఎంతసేపు కొట్టాడో ఎవరికీ తెలీదు. బయటికి తీసేసరికి ఊపిరి లేదు. పిడికిట్లో స్పానరు మాత్రం బిగుసుకుపోయి ఉంది.

ఇవాళ మధ్యాహ్నం అదే ట్యాంకు ముందు ఫిట్టరు అల్లుడు నడుముకు తాడు కట్టుకుంటున్నాడు. ఫిట్టరు వచ్చి ఆ ముడి విప్పి అవతల పారేశాడు.

"జరుగు, అల్లుడూ. రండి సారూ, లైటు మీద అంత నమ్మకముంటే మీరే దిగండి."

సెన్సారు కొత్తది వేయించామనీ, పెద్దాయనకు చాదస్తం ముదిరిందనీ అంటూ మేనేజరు తన లావుపాటి ఉంగరంతో ట్యాంకును టకటకలాడించాడు. ఫిట్టరుకు అరికాలి మంట నెత్తికెక్కింది. స్పానరు తీసి ట్యాంకు గోడ మీద కొట్టాడు. ఒకటి... రెండు... మూడు.

చెవి ట్యాంకుకు ఆనించాడు. తుప్పు వాసన. దాని వెనక పుల్లగా ఇంకేదో.

లోపలి నుంచి... టంగ్. టంగ్.

...టంగ్.

"మామయ్యా," అల్లుడు పైకి చూపించాడు, "మూత ఇంకా తియ్యనేలేదు కదా..."

"నా తమ్ముడి చెయ్యి అది. మూడోది ఎప్పుడూ ఆలస్యంగానే కొడతాడు."

మేనేజరు ముఖం పాలిపోయింది. అయినా ట్యాంకు ఖాళీ అనే చెబుతూ తెర తిప్పి చూపించబోయి, ఆగిపోయాడు. తెర మీద నాలుగో ట్యాంకు ఎదుట పచ్చ లైటు. లోపల ఉన్నవారు, ఒకరు. పక్కన మేనేజరు పేరు. నాడి నూట నలభై.

పట్టీ అతడి మణికట్టుకే ఉంది.

మళ్లీ లోపలి నుంచి మూడు దెబ్బలు. ఈసారి స్పానరు కాదు... ఉంగరం. ఫిట్టరు చెవి పొరబడదు. మేనేజరు వేలు మాత్రం కదల్లేదు.

"జవాబివ్వండి," గుసగుసలాడాడు మేనేజరు. "కొట్టండి, పెద్దాయనా..."

ఫిట్టరు స్పానరు ఎత్తాడు. ఎత్తిన చెయ్యి అలాగే ఆగింది.

"బయట మనిషి దండగన్నారుగా, సారూ."

తెర మీద మేనేజరు నాడి నూటికి దిగింది. తర్వాత అరవై. ట్యాంకులో ఉంగరం చప్పుడు నెమ్మదించింది. లైటు ఇంకా పచ్చగానే ఉంది.