పన్నెండు రెమ్మలు

హైదరాబాద్‌లో కోటేష్ ఉద్యోగం ఏమిటంటే, ఆదివారం పొద్దున్నే కంప్యూటర్ బాబుల్ని సైకిళ్లెక్కించి గోల్కొండ, గండిపేట చుట్టూ తిప్పి చూపించడం. 2007 చలికాలంలో వాళ్ల కంపెనీకి కొత్త దారి కావాల్సి వచ్చింది. వైరా దగ్గర తండాలో పుట్టినవాడు కదా, దమ్మపేట అవతల మంచి అడవి దారి ఉందని గొప్పకు పోయి తనే చెప్పాడు. ఈ ట్రిప్పు బాగా జరిగితే ఉద్యోగం పర్మినెంటు. పన్నెండు మంది అప్పటికే పేర్లిచ్చారు. ఎల్లుండి వస్తారు.

ముందుగా దారి చూసుకోవడానికి బామ్మర్ది బలరాంని వెంటేసుకొచ్చాడు. అతనిదీ అదే కంపెనీ. మనిషి మంచివాడే కానీ, ఎవరినో ఒకరిని ఆటపట్టించందే ముద్ద దిగదు.

అడవి మొదట్లో దారి పక్కన రెమ్మల కుప్ప కనిపించింది. కింద ఎండినవి, పైన పచ్చివి. మేకలు తోలుకొస్తున్న బొజ్జయ్య అనే ముసలాయన వాళ్లను ఆపాడు.

"ఈ దారిల సచ్చిపోయినోళ్లది సారూ. పోయేటోళ్లు మనిషికో రెమ్మ ఎయ్యాలె. నేను పోతున్న అని చెప్పినట్టు."

సరేలే అనుకున్నాడు కోటేష్. కానీ పట్నంవాళ్లను ఇక్కడ దింపి రెమ్మలు విరిపించడం ఎవడి వల్ల అవుతుంది? ఇప్పుడే ఆ పని కానిచ్చేద్దామని, తమ ఇద్దరివీ కాక ఇంకో పన్నెండు విరిచి కుప్ప మీద పడేశాడు.

"రాని మనుషులకు ఎందుకేసినవ్ సారూ?" అన్నాడు బొజ్జయ్య గొంతు తగ్గించి. "ఇప్పుడు వాళ్ల లెక్కన ఎవరు నడుస్తరు?"

జవాబు కోసం ఆగలేదు. మేకల్ని అదిలించుకుంటూ వెళ్లిపోయాడు.

దారి మాత్రం కన్నుల పండుగ్గా ఉంది. టేకు చెట్లు, సన్నటి వాగు, ఎండుటాకుల వాసన. మధ్యాహ్నానికి ఆ వాసన మారింది. నెల రోజులుగా వాన లేదు, అయినా తవ్విన తడిమట్టి వాసన. పిట్టల అరుపులు ఎప్పుడు ఆగాయో కోటేష్ గమనించలేదు.

ఒక మలుపులో అలవాటుగా బెల్లు కొట్టాడు. వాళ్ల పనిలో అదొక పద్ధతి. ముందున్నవాడు కొడితే, వెనకున్న ప్రతివాడూ ఒక్కసారి కొట్టాలి. తల తిప్పకుండానే ఎంతమంది ఉన్నారో తెలిసిపోతుంది.

వెనక ఒక బెల్లు మోగింది.

ఇంకోటి. మరోటి…

కోటేష్‌కి ఒళ్లు మండింది. "చాల్లే, ఆపు" అన్నాడు. ఆగలేదు. ఒక్కోటీ ఒక్కో రకం మోత… ఒక్కోటీ ఇంకాస్త దూరం నుంచి. పన్నెండు మోగి ఆగాయి.

తిరిగి చూశాడు. బలరాం ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"నేను కాదు బావా… నా బెల్లు పొద్దుగాలనే ఊడిపోయింది."

నిజమే, హ్యాండిల్‌కి బెల్లు లేదు. అతని వెనక దారి ఖాళీ. ఇద్దరూ ఆగే ఉన్నారు. ఎండుటాకులు మాత్రం టైర్ల కింద నలుగుతున్నట్టు… దగ్గరికి…

తొక్కారు. ఎంతసేపు తొక్కారో తెలియదు. పొద్దు వాలే వేళకు తారు రోడ్డు, దాని పక్కన ఒక టీకొట్టు కనిపించాయి. కోటేష్‌కి ఏడుపొక్కటే తక్కువ. ఉద్యోగం పోతే పోయింది, ఆ పన్నెండు మందినీ ఈ దారిలోకి తేకూడదు. సెల్లులో సిగ్నల్ లేదు. కొట్టు లోపలున్న ఫోన్‌తో యజమానికి చేశాడు.

"సార్, ఈ దారి వద్దు. మనోళ్లను పంపకుండ్రి."

"ఏంది కోటేష్, ఒకరు గిట్ల, ఒకరు గట్ల?" విసుక్కున్నాడాయన. "పొద్దున తొమ్మిదింటికి బలరాం ఫోన్ చేసిండు గదా. ఎల్లుండి దాకా ఎందుకు, ఇయ్యాల్నే పంపుండ్రి అన్నడు. బండి దమ్మపేట దాటింది, ఇప్పుడు డ్రైవర్ ఫోన్ కూడా కలుస్తలేదు. ఫికర్ చెయ్యకు. అడవి మొదట్ల మనిషికొకరు తోడు నిలబడ్డరని ఫోన్ పోకముందు డ్రైవరే చెప్పిండు."

రిసీవర్ పెట్టేసి బయటికొచ్చాడు. తొమ్మిదింటికంటే, రెమ్మల కుప్ప దాటిన కాసేపటికే. అప్పుడు బలరాం తన పక్కనే ఉన్నాడు. పొద్దున్నుంచీ ఎటూ కదలలేదు.

బలరాం బెంచీ మీద కూర్చుని టీ ఊదుకుంటున్నాడు. కోటేష్ ఇంకా నోరు తెరవనేలేదు.

"మనోళ్లు దమ్మపేట దాటిండ్రంటనా?" అని అడిగాడు బలరాం, తల ఎత్తకుండానే.