కుర్చీ కాపలా

"ఈ కుర్చీ ఎక్కడిది?"

మిగ్దాలియా పిన్ని చేతిసంచి కూడా దించలేదు. ఒక బూటు విప్పి, రెండోది కాలికి ఉండగానే వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. విప్పని బూటు నుంచి కరిగిన మంచు నేల మీదికి కారుతోంది. ఆ పని ఇంకెవరైనా చేసి ఉంటే ఈపాటికి ఇల్లు ఎగిరిపోయేది.

"బావుంది కదూ పిన్నీ?" ఇవెలీస్ తడిగుడ్డతో కుర్చీ కాళ్ళు తుడుస్తూ అంది. "నాలుగో కుర్చీ విరిగిపోయిందని క్రిస్మస్ నుంచీ సణుగుతున్నావుగా. ఎవరో వీధిలో పారేశారు. గట్టి చెక్క. నీలం రంగు కూడా పెద్దగా పోలేదు."

"వీధిలో అంటే ఎక్కడ?"

"నాలుగిళ్ళ అవతల. రోడ్డు వారగా, ఖాళీ చోట్లో."

"ఖాళీ చోట్లోనా! మోకాలి లోతు మంచు పడితే ఆ ఒక్క చోటూ ఖాళీగా ఎలా ఉందో ఆలోచించావా? ఆకాశం అక్కడికొచ్చేసరికి మొహమాటపడిందా?"

ఎఫ్రయీన్ బాబాయ్ పేపరు వెనక కిసుక్కుమన్నాడు.

"మీరు నవ్వకండి! షికాగోలో ఇరవై రెండేళ్ళుగా ఉంటున్నాం, ఒక్కరి కుర్చీ ముట్టుకున్నామా? కారు పెట్టుకోడానికి మంచు ఎవరు తవ్వుకున్న చోటు వాళ్ళది. కారు తీసుకుని పనికి వెళ్ళేటప్పుడు అక్కడ ఓ కుర్చీ పెట్టి వెళ్తారు. మంచు కరిగేదాకా అదే కాపలా. పోయినేడు అట్లాగే కుర్చీ తీసినవాడి కారు మీద ఎవరో నీళ్ళు పోశారు. తెల్లారేసరికి అది కారు కాదు, గడ్డ!"

"నాకేం తెలుసు పిన్నీ? మన ఊరు పోన్సేలో మంచే పడదు. అక్కడ కుర్చీ బయట పెట్టారంటే, కూర్చోమని."

"ఇక్కడ కూర్చోమని కాదు, జోలికి రావద్దని. లే. తీసుకెళ్ళి ఎక్కడిది అక్కడ పెట్టిరా."

ఇవెలీస్ రెండు స్వెట్టర్ల మీద పిన్ని పాత కోటు వేసుకుంది. పోన్సేలో కొన్న బూట్లు తొడుక్కుంది. వాటి అంచున ఉన్ని లాంటిదేదో కుట్టి ఉంటే చూసి, చలి బూట్లు అనుకుని కొన్నది. కుర్చీని నెత్తి మీద పెట్టుకుని బయటపడింది. ఇంటి మెట్ల దగ్గర ఒకసారి, మలుపులో ఒకసారి జారింది. రెండుసార్లూ కుర్చీ కింద పడకుండా తనే పడింది.

ఆ చోట్లో ఇప్పుడు ఎవరిదో బూడిద రంగు కారు ఉంది. దాని పక్కన, రోడ్డు మధ్యలో, లైట్లు ఆరుతూ వెలుగుతూ ఉన్న ఒక ఎర్రకారు. అందులోంచి దిగిన యువకుడు భుజానికి పనిముట్ల సంచీతో బూడిద కారును చూస్తూ నిలబడ్డాడు. కోపంగా కూడా లేడు. పన్నెండు గంటలు పనిచేసి వచ్చిన మనిషికి కోపం తెచ్చుకునే ఓపిక ఉండదని ఇవెలీస్‌కి అతని భుజాలు చూస్తే అర్థమైంది.

"ఏవండీ... ఈ కుర్చీ మీదేనా?"

"కుర్చీ నాదే. చోటే నాది కాకుండా పోయింది."

"తీసింది నేనే. పారేశారనుకున్నాను. నిజంగా."

అతను కుర్చీని అందుకుని వెలుతురులో తిప్పి చూశాడు. "తుడిచారా?"

"సబ్బునీళ్ళతో."

"మా బామ్మ దీని మీద కూర్చుని బంగాళాదుంపలు చెక్కేది. ఆవిడ పోయాక దీన్నెవరూ ఇంత శుభ్రంగా తుడవలేదు." అప్పుడు మొదటిసారి ఆమె వంక, ఆ తరవాత ఆమె కాళ్ళ వంక చూశాడు. "ఈ చలికాలమే వచ్చారు కదూ?"

"ఎలా తెలిసింది?"

"మీ బూట్లు చెబుతున్నాయి."

ఇవెలీస్ చెవులు అప్పటికే చలికి ఎర్రగా ఉండబట్టి సరిపోయింది. "అవి పోన్సే బూట్లు. నేనుండేది ఇక్కడికి నాలుగిళ్ళ అవతలే. మళ్ళీ మంచు పడినప్పుడు మీ చోటు నేను తవ్వుతాను. మాట."

"ఆ బూట్లతోనా?"

"బూట్లతో కాదు, పారతో."

అతను పకపకా నవ్వాడు. ఆరు వీధుల అవతల కారు పెట్టి, ఆ సంచీ మోసుకుంటూ నడిచి రావాల్సిన మనిషి అలా నవ్వగలగడం ఆమెకు వింతగా తోచింది. ఇంటికి వచ్చి సాక్సు గదిని వెచ్చబెట్టే రేడియేటర్ మీద ఆరేస్తుంటే ఆ నవ్వు ఇంకా చెవుల్లోనే ఉంది.

మర్నాడు స్కూలు నుంచి వచ్చేసరికి తలుపు గొళ్ళానికి ఒక సంచీ వేలాడుతోంది. అందులో ఎర్ర ఉన్ని చేతితొడుగులు. బొటనవేలికి విడిగా అర, మిగతా నాలుగు వేళ్ళకూ కలిపి ఒకే అర. లోపల చీటీ: "పార పట్టడానికి ఇవి కావాలి. వేళ్ళు విడివిడిగా ఉంటే గడ్డకడతాయి. కలిసి ఉంటే ఒకదాన్నొకటి వెచ్చబెట్టుకుంటాయి. లెషెక్."

బాబాయ్ ఆ చీటీని రెండుసార్లు పైకి చదివాడు. "నాకెప్పుడైనా ఇట్లాంటిది రాశారా అని మీ పిన్ని అడక్క ముందే నేను స్నానానికి పోతున్నా" అని లేచాడు.

పిన్ని మాత్రం నవ్వలేదు. గోడ మీది కేలండర్ వంక చూసింది. మార్చి రెండో తేదీ చుట్టూ ఎర్రసిరాతో గుండ్రం గీసి ఉంది. అది ఇవెలీస్ తిరుగు ప్రయాణం. పోన్సేలో తను పాఠాలు చెప్పిన బడి మూతపడ్డాక, ఇక్కడి బడిలో ఒకటో తరగతికి నాలుగు నెలల పని దొరికితే నవంబరులో వచ్చింది. పని నచ్చింది. పిల్లలు నచ్చారు. చలే నచ్చలేదు. ఉండిపొమ్మని ప్రిన్సిపాల్ అడిగి అప్పటికే రెండు వారాలైంది. ఫిబ్రవరి మూడో శుక్రవారంలోగా జవాబు చెప్పాలి. ఒక్క చలికాలానికే వెనక్కి తిరిగిన వాళ్ళను పిన్ని చాలామందిని చూసింది. వాళ్ళను తప్పుపట్టదు. విమానాశ్రయానికి దిగబెట్టి వచ్చి, ఆ పూట మాట్లాడకుండా గిన్నెలు తోముతుంది.

రెండో మంచు ఫిబ్రవరి మొదటి శనివారం పడింది. ఇవెలీస్ ఆరింటికే లేచింది. స్టవ్ పక్కన నూనె సీసా కనిపించగానే ఒక ఆలోచన వచ్చింది. కేకు పళ్ళేనికి రాసినట్టే పార రేకుకు రెండువైపులా నూనె రాసింది. ఎర్ర తొడుగులు తొడుక్కుని వీధిలోకి వచ్చింది.

వీధి వీధంతా తెల్లటి దిబ్బలు. దీపస్తంభం నుంచి మూడో కారు లెషెక్‌దని నిన్న సాయంత్రమే గుర్తుపెట్టుకుంది. పార దించింది. మంచు రేకుకు అంటుకోకుండా జారి అవతల పడింది. ఆ ఆనందంలో పది నిమిషాలు ఊపిరి తీసుకోకుండా తోడింది. పదకొండో నిమిషంలో నడుం పట్టేసింది.

"ఎత్తకండి. ముందుకి నెట్టండి."

లెషెక్. చేతిలో ఇంకో పార. రెండు కాఫీ కప్పులు ఇంటి ముందు మెట్టు మీద పెట్టి, మరేమీ మాట్లాడకుండా దిబ్బకు రెండోవైపు నుంచి మొదలుపెట్టాడు. అతను మంచు తీసే తీరు చూస్తుంటే ఇవెలీస్‌కు ముచ్చటేసింది. తొందర లేదు. అంచులు రొట్టె కోసినట్టు నిటారుగా వస్తున్నాయి. తీసినదాన్ని కాలిబాట మీద పోయకుండా, నడిచేవాళ్ళకు అడ్డం లేని చోట పేరుస్తున్నాడు. చలిని తిట్టకుండా దానితో పనిచేసే మనిషిని ఆమె దగ్గరగా చూడటం ఇదే మొదలు.

"పారకేం రాశారు? నా దానికి అంటుకుంటోంది, మీ దానికి లేదు."

"వంటనూనె."

అతను ఆగిపోయాడు. "ముప్ఫై ఏళ్ళుగా ఈ ఊళ్ళో మంచు తోడుతున్నాం మా ఇంట్లో. ఒక్కళ్ళకీ తట్టలేదు."

"మీ ఇంట్లో వంట చేసేవాళ్ళు పార పట్టలేదేమో."

గంటకు కారు పైకప్పు కనిపించింది. ఇవెలీస్ చేత్తో తుడిచింది. ఆకుపచ్చ. ఇంకొంచెం తుడిచింది. ఇంకా ఆకుపచ్చగానే ఉంది.

"మీది ఎర్రకారు కదూ?"

"అవును."

"ఇది ఆకుపచ్చది."

"అవును."

"మీకెప్పుడు తెలిసింది?"

"కాఫీ తెచ్చినప్పుడే."

"మరి చెప్పలేదేం!"

లెషెక్ పార మీద గడ్డం ఆనించాడు. "చెబితే సిగ్గుపడి లోపలికి వెళ్ళిపోతారేమోనని. ఇంకాసేపు ఉంటారని ఊరుకున్నాను."

ఎదురింటి కిటికీ రెక్క పైకి లేచింది. ఎనభై ఏళ్ళ మిసెస్ ప్రూయిట్ తల బయటపెట్టింది. "నా కారు తవ్వుతున్నదెవరు? మా చెల్లెల్ని చూడటానికి ఆస్పత్రికి ఎట్లా వెళ్ళాలా అని ఏడుస్తూ కూర్చున్నాను! ఎవరు పంపారమ్మా నిన్ను?"

"పోన్సే వాళ్ళు పంపారు!" అని లెషెక్ అరిచాడు. ఇవెలీస్ పిడికెడు మంచు తీసి అతని మెడలో వేసింది. ఆ తరవాత ఇద్దరూ కలిసి ఎర్రకారు తవ్వారు. అది దీపస్తంభానికి మూడోదే. కాకపోతే అవతలి వైపున.

ఆ తరవాతి రోజుల్లో ఆమె చాలా నేర్చుకుంది. ఒక్క లావుపాటి స్వెట్టరు కన్నా మూడు పల్చటి చొక్కాలు మేలని, పాదం మొత్తం ఆనించి చిన్న చిన్న అడుగులు వేస్తే జారమని. ఎవరి కారైనా మంచులో కూరుకుపోతే దారిన పోయే నలుగురూ పేర్లు కూడా అడక్కుండా వచ్చి తోసి, చేతులు దులుపుకుని వెళ్ళిపోతారని కూడా. ఒకరోజు ఆ నలుగురిలో తనూ ఉంది. ఆ రోజంతా భుజాలు నొప్పి, ముఖంలో వెలుగు.

వంటింటి రేడియేటర్ టకటకా కొట్టుకుంటోందని బాబాయ్ లెషెక్‌ని పిలిచాడు. ఇళ్ళల్లో ఆవిరి గొట్టాలు బాగుచేయడమే అతని వృత్తి. అతను గుమ్మంలోనే బూట్లు విప్పి, మడమలు గోడకు ఆనేట్టు చాప మీద జతగా పెట్టాడు. పిన్ని చూసింది. ఎవరూ చెప్పకుండా ఆ పని చేసిన మగవాణ్ణి ఆవిడ ఇరవై రెండేళ్ళలో చూడలేదు. అడక్కుండానే కాఫీ పెట్టింది.

పని అయ్యాక లెషెక్ చేతులు తుడుచుకుంటూ కేలండర్ ముందు ఆగాడు.

"మార్చి రెండున ఏముంది?"

"నా తిరుగు టికెట్" అంది ఇవెలీస్.

"ఓ." చేతులు అప్పటికే ఆరిపోయినా ఇంకా తుడుచుకుంటూనే ఉన్నాడు. "అక్కడ ఇప్పుడు ఎండ కదూ?"

"ఎప్పుడూ ఎండే."

కాఫీ సగం తాగి వెళ్ళిపోయాడు. ఆమె ఇంకా నిర్ణయించుకోలేదని చెబుదామనుకుంది. కానీ 'ఉండు' అని అనలేని మనిషికి 'ఉంటానేమో' అని తనెందుకు చెప్పాలి?

మర్నాటి నుంచి వాతావరణం మెత్తబడింది. చూరుల నుంచి చుక్కలు పడ్డాయి. దిబ్బలు నల్లబడి, కుంగి, కాలవలైపోయాయి. వీధిలోని కుర్చీలన్నీ ఒక్కొక్కటీ ఇళ్ళల్లోకి వెళ్ళిపోయాయి. బుధవారం నాటికి నీలం కుర్చీ కూడా లేదు. ఆ పద్ధతి ఆమెకు తెలుసు. మంచు కరిగితే కాపలా అక్కర్లేదు. తెలిసినా, బడికి వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి ఆ ఖాళీని చూసింది.

జవాబు చెప్పాల్సిన శుక్రవారం నాడు తరగతిలో వెనెజువెలా నుంచి కొత్తగా వచ్చిన పాప ఆటల వేళ బయటికి రానని మొండికేసింది. కోటు తొడుక్కోవడం రాదట. ఇవెలీస్ కోటును నేల మీద తలకిందులుగా పరిచింది. "చేతులు దూర్చు. ఇప్పుడు తల మీదుగా ఎగరెయ్!" కోటు దానంతటదే ఒంటి మీద పడింది. పాప కళ్ళు పెద్దవయ్యాయి.

"టీచర్, మీకు చలి అలవాటైపోయిందా?"

"లేదమ్మా. తొడుక్కోవడం అలవాటైంది."

ఆ మాట అన్నాక ఇవెలీస్ ఒక్క క్షణం ఆగి, తను అన్నదేమిటో తనే విన్నది. పిల్లలు బయట అరుస్తున్నారు. బడి అయ్యాక నేరుగా ప్రిన్సిపాల్ గదికి వెళ్ళింది. అక్కడ ఏం చెప్పిందో ఇంట్లో అనలేదు. ఆదివారం భోజనాల దగ్గర చెబుదామనుకుంది.

ఆదివారం పిన్ని పచ్చికందుల అన్నం వండింది. అరటికాయ ముక్కలు నొక్కి వేయించింది. ముగ్గురూ కూర్చున్నారు. బల్లకు నాలుగో వైపు ఖాళీ. ఇవెలీస్ గొంతు సవరించుకుని నోరు తెరవబోయేసరికి గంట మోగింది.

గుమ్మంలో లెషెక్. ఒక చంకలో గసగసాల రొట్టె, రెండో చేతిలో నీలం కుర్చీ. బూట్లు విప్పాడు. చాప మీద పెట్టాడు. కుర్చీని తెచ్చి ఖాళీ వైపున దించాడు. దానికి కొత్తగా వార్నిష్ వేసి ఉంది.

"మంచు పోయింది. దీనికి వీధిలో ఇక పనిలేదు" అన్నాడు బల్లను చూస్తూ. "నాలుగు రోజులు దీని మీదే కూర్చున్నా. ఉండమని అడిగే హక్కు నాకు లేదు. కానీ వెళ్ళినవాళ్ళ చోటు కాయడం దీనికి తెలిసిన పని. మీరు ఎప్పుడు తిరిగొచ్చినా ఈ బల్ల దగ్గర మీ చోటు ఇంకెవరికీ పోకూడదని... తెచ్చాను. అంతే."

పిన్ని గరిటె పక్కన పెట్టింది. బాబాయ్ ఈసారి నవ్వలేదు.

"నన్నొకటి అడగనివ్వండి" అంది ఇవెలీస్. "కారు చోట్లోనే ఉంటే కుర్చీ పెడతారా?"

"పెట్టరు."

"మరెప్పుడు పెడతారు?"

"కారు వెళ్ళేటప్పుడు."

"కారు వెళ్ళట్లేదు."

గదిలో రేడియేటర్ కూడా చప్పుడు చేయలేదు. అతను బాగుచేసిన రేడియేటర్ మరి.

"శుక్రవారమే ప్రిన్సిపాల్‌కి చెప్పేశాను పిన్నీ. ఉంటున్నాను. టికెట్ రద్దుచేశాను."

పిన్ని లేచింది. కేలండర్ దగ్గరికి వెళ్ళి, ఎర్ర గుండ్రాన్ని ఒకసారి వేలితో తడిమింది. గిన్నెల వైపు కాకుండా అక్క కూతురి వైపు తిరిగి, ఉన్నదున్నట్టు అడిగింది. "ఇతని కోసమా?"

"పిల్లల కోసం. నా కోసం. ఇతని కోసం కూడా, కానీ ఎంతో ఇప్పుడే చెప్పను. పొంగిపోతాడు." ఇవెలీస్ అన్నం గిన్నె మూత తీసి, నాలుగో కంచంలో వడ్డించింది. ఇన్నాళ్ళ 'మీరు' ఆ ఆవిరిలో ఎక్కడికి పోయిందో ఎవరూ చూడలేదు.

"నిలబడ్డావేం? అది కాపలాకి కాదు, కూర్చోడానికి. కూర్చో లెషెక్. అన్నం చల్లారిపోతోంది."