పసుపు చీరలో సాక్షి

"మీరే చంపారు! ఆ పిల్లల్ని మీరే చంపారు!"

వెనక సీట్లోంచి లిన్ అరుస్తోంది.

బాలమురళి స్టీరింగ్ మీద వేళ్ళు బిగిస్తాడు. అద్దంలోకి చూస్తాడు.

తెల్ల యూట్, పికప్ బండి! పొగమంచును చీల్చుకుంటూ వచ్చేస్తోంది. ముందు ఇనప బుల్‌బార్...

ధడేల్!

కారు ఒక్క కుదుపుతో పక్క లైనులోకి జారుతుంది. పాల లారీ ఒకటి హారన్ మోగిస్తూ వెంట్రుకవాసిలో తప్పించుకుపోతుంది.

"సిమెంటు మింగినవాడు ఒక్కడేనా హంతకుడు?" లిన్ గొంతు ఆగదు. "ఆ డబ్బు తెచ్చి ఇక్కడ దాచినవాళ్ళు? ఆ డబ్బుకి ఇళ్ళు అమ్మినవాళ్ళు? కళ్ళు మూసుకున్న లాయర్లు? సంతకం పెట్టిన నువ్వు?"

"తల దించు లిన్! ముందు తల దించు!"

ఆస్ట్రేలియాలో టూవూంబా కొండ దిగే పాత హైవే. ఇంకా మధ్యాహ్నమే. అయినా కొండంతా మంచు కమ్మేసింది. కారు ముక్కు దాటితే ఏమీ కనపడదు. ఒక పక్క రాతిగోడ. ఇంకో పక్క... లోయ!

కొండ దిగితే చాలు. కింద విత్‌కాట్ దగ్గర ఫెడరల్ పోలీసుల కారు ఉంటుంది. లిన్‌ని అక్కడ అప్పగించాలి. బ్రిస్బేన్‌లో ఆమె నోరు విప్పాలి.

ఆమె నోరు తప్ప ఇంకో సాక్ష్యం లేదు. మిగతా సాక్షుల్లో కొందరు జైల్లో ఉన్నారు. కొందరు మట్టిలో ఉన్నారు.

లిన్ చైనాలో సైట్ ఇంజనీరు. ఒక ప్రావిన్స్‌లో స్కూలు కట్టించింది. గోడల్లో సిమెంటు లేదని తెలుసు. పైనుంచి ఫోన్ వచ్చింది. 'బాగుంది' అని సంతకం పెట్టింది. వానాకాలంలో ఆ స్కూలు కూలింది.

క్లాసులు జరుగుతుండగా కూలింది!

కాంట్రాక్టు ఎవరిది? గావ్ గారిది. పార్టీలో పెద్ద తల. టీవీలో అవినీతి మీద ఉపన్యాసాలు దంచే పెద్దమనిషి. ఆయన కొడుకు విన్సెంట్ గావ్ సిడ్నీలో ఉంటాడు. అక్కడ మింగింది ఇక్కడ తేలుతుంది. సముద్రం ఒడ్డున అద్దాల మేడలు, ద్రాక్షతోటలు, పశువుల ఫారాలు...

వాటిలో ఒక్కదాని మీదా గావ్ పేరు ఉండదు. అన్నీ కంపెనీల పేర్లే. ఆస్ట్రేలియాలో కంపెనీ పెట్టాలంటే ఇక్కడ కాపురం ఉండే డైరెక్టర్ ఒకడు ఉండి తీరాలి.

ఆ ఒక్కడు బాలమురళి. భీమవరం నుంచి స్టూడెంట్ వీసా మీద వచ్చి, అకౌంటెంటై, భార్య సృజనతో కలిసి సిడ్నీ శివారు రౌస్ హిల్‌లో ఇల్లు కొన్న బాలమురళి. కొడుకు చింటుని ఖరీదైన ప్రైవేటు స్కూల్లో చదివిస్తున్న బాలమురళి.

తన కొడుకు స్కూలు గోడల్లో మాత్రం సిమెంటు గట్టిగా ఉంది!

"మా దేశంలో మీలాంటి వాళ్ళకి ఒక పేరుంది." పోయిన నెల లిన్ అతని ఆఫీసు తలుపు తోసుకుని వచ్చి అన్న మొదటి మాట అది. "తెల్ల తొడుగులు. మురికి చేతులకి తొడిగే తెల్ల తొడుగులు."

ఆ రోజు నుంచి బాలమురళికి అన్నం సయించలేదు. ఆమెను టూవూంబా తీసుకొచ్చి, డాక్టర్ శ్యామసుందరి ఆంటీ ఇంట్లో దాచాడు. విన్సెంట్ మనుషులెవరికీ ఆ ఇల్లు తెలియదు.

మరి ఈ యూట్ ఎలా వచ్చింది?

ఫోన్ మోగుతుంది. కారు స్పీకర్లో ఆ గొంతు... మెత్తగా, చల్లగా...

"బాలా! మేట్! పిక్నిక్ ఎలా జరిగింది?"

విన్సెంట్!

"పసుపు రంగు ఆమెకి భలే నప్పింది. శారీ అంటారు కదా దాన్ని?"

బాలమురళి అద్దంలో లిన్ చీర వంక చూస్తాడు.

"ఆమెను రోడ్డు పక్కన దించెయ్. నువ్వు ఇంటికెళ్ళు. నీ కొడుకు స్కూల్లో క్రికెట్ బాగా ఆడుతున్నాడట. గుడ్ కిడ్."

ఫోన్ కట్.

పసుపు చీర... ఫొటో!

ఈ పొద్దున కొండ అంచున పార్కులో కార్తీక వనభోజనాలు. సిడ్నీ నుంచి, మెల్‌బోర్న్ పాయింట్ కుక్ నుంచి కూడా కుటుంబాలు దిగాయి. బయల్దేరే దాకా లిన్‌ని ఇంట్లో ఒక్కదాన్నే వదలలేక ఆంటీ వెంట తెచ్చింది. తన చీర కట్టింది. బొట్టు పెట్టింది. "మా హాస్పిటల్లో కొత్త నర్సమ్మా, మణిపూర్ అమ్మాయి" అంది. అందరూ నమ్మారు. "పాపం చిక్కిపోయింది, ఇంకో గారె వెయ్యి" అన్నారు.

లిన్ గారె తింది. నెల తర్వాత మొదటిసారి నవ్వింది.

బాలమురళి పులిహోర వడ్డించాడు. చేతులు కడుక్కున్నాడు. వచ్చిన ప్రతిసారీ చేసే పనే చేశాడు.

"అందరూ ఇటు చూడండి! పిన్నిగారూ, కాస్త జరగండి... ఆఁ!"

తీశాడు. ఆలోచించకుండా తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో పడేశాడు. భోజనాలు చేసి ఫొటో పెట్టకపోతే మనకి అరగదు కదా!

నెల రోజులు కంటికి రెప్పలా దాచిన మనిషిని ఒక్క వేలితో అమ్మేశాడు.

"నేనే... లిన్, నేనే పట్టించాను నిన్ను. ఆ ఫొటో..."

లిన్ తిట్టదు. అదే భరించలేకపోతాడు.

"నేనూ అలాగే పెట్టాను సంతకం," అంటుంది మెల్లగా. "ఆలోచించకుండా."

ఇంకో గుద్దు! వెనక అద్దం భళ్ళున పగులుతుంది. ముక్కలు లిన్ జడలో, చీర కుచ్చిళ్ళలో...

ఆగు. ఆ గ్రూపులో విన్సెంట్ లేడు. అందరూ మనవాళ్ళే. ఎవరో పంపాలి. ఎవరు పంపారు?

బ్రేకుల దగ్గర కాలిన వాసన. తొక్కితే పెడల్ మెత్తగా లోపలికి పోతోంది. పట్టడం లేదు! ముందు మలుపు. మలుపు అవతల లోయ.

ఎడమ పక్క పసుపు బోర్డు. బ్రేకులు పోయిన లారీలు ఆగడానికి కంకర పోసిన ర్యాంపు!

"పట్టుకో!"

స్టీరింగ్ తిప్పేస్తాడు. కారు కంకరలోకి దూకుతుంది. రాళ్ళు వడగళ్ళలా అద్దం మీద పడతాయి. చక్రాలు సగం దాకా కూరుకుపోతాయి. ఒక్క ఊపుతో... ఆగిపోయింది!

లిన్ సీటు కిందికి జారుతుంది.

వెనక యూట్ కూడా ఆగుతుంది. డోరు తెరుచుకుంటుంది. బూట్ల కింద కంకర కరకరలాడుతోంది. మంచులో ఒక ఆకారం. చేతిలో రైఫిల్.

"పోలీసులకి ఫోన్ చెయ్యి," అంటాడు బాలమురళి. లిన్ అప్పటికే సీటు కింద నక్కి ట్రిపుల్ జీరో కొడుతోంది.

ఆకారం దగ్గరకొస్తుంది. తెల్ల పంచె! పైన ఫ్లీస్ జాకెట్. నుదుట విభూతి.

"ఏరా మురళీ, ఎవరన్నా కొండ దిగుతూ ఇంత స్పీడు పోతారా?"

శేషగిరి! తెలుగు సంఘం ప్రెసిడెంటు. గంట క్రితం తన చేత విస్తట్లో పెరుగన్నం వేయించుకున్న శేషగిరి!

"అన్నయ్యా... నువ్వా?"

"నేనే. విన్సెంట్ మనుషుల్ని పంపిస్తానన్నాడు. వద్దన్నాను. మావాడు మాట వింటాడు, నేను చూసుకుంటానన్నాను. పరువు తియ్యకు. ఆ పిల్లని దించు."

"ఫొటో పంపింది నువ్వేనా?"

"ఫొటో పెట్టింది నువ్వు."

బాలమురళి తల ఊపుతాడు.

గావ్ కంపెనీ కాగితాల మీద తొలి సంతకం పెట్టించింది కూడా ఈయనే. 'ఉత్త సంతకమేరా, మనదేం పోతుంది' అన్నాడు. పోయింది మనది కాదు మరి! ఎక్కడో, ఎవరి పిల్లలో!

బాలమురళి చెయ్యి కిందికి జారుతుంది. ఒళ్ళో ఫోన్. పోలీసులకి లిన్ చెబుతోంది. పోలీసులు వింటారు. కానీ వినాల్సింది వాళ్ళొక్కళ్ళే కాదు.

వేలు అదే గ్రూపు మీద పడుతుంది. కాల్. అందరికీ.

ఒక్కొక్కరే కలుస్తున్నారు. పార్కులో అందరి చేతుల్లో ఫోన్లే కదా!

డోరు తీసుకుని దిగుతాడు. ఫోన్ వీపు వెనక.

"అన్నయ్యా, స్కూలు కూలిన సంగతి నీకు తెలుసా?"

"తెలుసురా. తెలిస్తే? ఏ దేశంలో కూలట్లేదు? మన దగ్గర కూలట్లేదా?" శేషగిరి నవ్వుతాడు. "ఒంటరిగా నీతిమంతుడివి అయిపోకు. సంఘం హాలు ఎవడి డబ్బు? గావ్‌ది! వినాయక చవితి మండపం? గావ్‌ది! అందరూ లడ్డూ తిన్నారుగా? నా ఫారం గావ్‌ది. ఈ తుపాకీ కూడా అక్కడ అడవి పందులకని కొన్నదే."

"ఆమెను ఏం చేస్తారు?"

"అది నువ్వు అడక్కూడదు. నువ్వు చింటు గురించి ఆలోచించు. పక్కకి జరుగు."

లిన్ కారు దిగింది. పసుపు చీర మోకాళ్ళ దాకా కంకర దుమ్ము. ఇక దాక్కోలేదు. పారిపోలేదు. బాలమురళి పక్కన నిలబడింది.

రైఫిల్ లేచింది.

బాలమురళి ఫోన్ ముందుకు తెచ్చాడు. స్పీకర్ నొక్కాడు.

"ఏవండీ..."

అలివేలు వదిన గొంతు. శేషగిరి భార్య!

"ఏవండీ... అడవి పందులకనే కదా కొన్నారు అది?"

శేషగిరి ముఖంలో రక్తం చుక్క లేదు. కానీ తుపాకీ గొట్టం కిందికి దిగలేదు.

"కట్ చెయ్! మురళీ, కట్ చెయ్యరా!"

"వినండి!" బాలమురళి ఫోన్‌లోకి అరుస్తాడు. "నా పేరు బాలమురళి. గావ్ కంపెనీలకి డైరెక్టర్‌ని. ఆ పిల్లల చావులో నాకు వాటా ఉంది. చింటు ఫీజు ఆ వాటానే. మా ఇంటి డిపాజిట్ ఆ వాటానే. సృజనా, వింటున్నావా? ఆ ఇల్లు అమ్మేద్దాం. ఆ డబ్బు ఆ ఊరికి పోవాలి! మీలో ఇంకెవరెవరు సంతకాలు పెట్టారో నాకు తెలీదు. మీకు తెలుసు! రేపు కాదు, లాయర్ని అడిగాక కాదు, ఇప్పుడే లేవండి... పోలీస్ స్టేషన్‌కి పోయి..."

ఢాం!

కొండ మారుమోగింది.

భుజం మీద ఎవరో సమ్మెటతో కొట్టినట్టు... బాలమురళి కంకర మీద కూలబడ్డాడు. చొక్కా వేడిగా తడుస్తోంది. ఫోన్ ఎగిరిపడింది.

మంచు కింద ఎక్కడో సైరన్. శేషగిరి తుపాకీ వంక చూసుకుంటున్నాడు... అది పేలుతుందని ఇప్పుడే తెలిసినట్టు.

ఫోన్‌లోంచి ఏడుపులు, అరుపులు. ఉన్నట్టుండి అన్నీ ఆగాయి. ముసలి గొంతు ఒకటి.

"బాబూ... నేను రామానుజాన్ని. పాయింట్ కుక్."

దగ్గు.

"నేనూ పెట్టాను బాబూ... సంతకం."

రామానుజం అంకుల్! పొద్దున పూజ చేయించిన అంకుల్!

తెలుగు ముక్క అర్థం కాకపోయినా లిన్‌కి అంతా అర్థమైంది. శేషగిరి వంక కన్నెత్తి చూడకుండా వంగింది. రాళ్ళలోంచి ఫోన్ తీసి నోటి దగ్గర పెట్టుకుంది. ఇంగ్లీషులో, ఒక్కో మాటా విడదీసి, అడిగింది.

"ఇంకా ఎవరు?"

ఫోన్ ఇంకా దగ్గరకి లాక్కుంది.

"పేర్లు చెప్పండి. ఇప్పుడే చెప్పండి!"