పాదుల మట్టి

సువార్తమ్మ లాకుల దగ్గర పడవ దిగేసరికి ఇంకా ఎండ ముదరలేదు. ఆత్రేయపురంలో కూతురికి పురుడు పోసి, మూడు నెలలు మనవడికి నలుగు పెట్టి లాలపోసి, ఇక పెరడు ఏమైందోనని ప్రాణం కొట్టుకుంటే ఉన్నపళాన బయలుదేరి వచ్చేసింది. కొంగున మూటగట్టిన సొరవిత్తులు, తడిగుడ్డలో చుట్టిన దొండతీగ ముక్కలు తప్ప ఆమె తెచ్చుకున్నదేమీ లేదు. వాటిని ఏ మూల పెట్టాలో దారి పొడుగునా ఆలోచించుకుంటూనే నడిచింది.

ఆ పెరడంటే ఆమెకు అంత పిచ్చి. ముప్పై ఏళ్ల కిందట అది గడ్డి కూడా మొలవని చవిటి నేల. ఏటా వేసవిలో కాలువ కట్టేసి పూడిక తీయించేటప్పుడు మొగుడు సామ్యేలుతో కలిసి కూలికి వెళ్లేది. పొద్దస్తమానం దొరలకు మట్టి మోసి, సాయంత్రం తన కోసం ఒక్క తట్ట ఒండ్రు నెత్తిన పెట్టుకొచ్చేది. సామ్యేలు పోయాక కూడా ఆ తట్ట మానలేదు. దాని మీద పేడ, పొయ్యి బూడిద, రాలిన ఆకూ అలమూ వేసి కుళ్లబెట్టింది. పాదుల్లో కప్ప కనబడితే పిల్లల్ని రాయి వేయనిచ్చేది కాదు, పురుగుల్ని తినేది అదేనని. పారకు వానపాము తగిలితే ఆ పూటంతా నొచ్చుకునేది. కోత పండుగనాడు చర్చి గుళ్లో మొదట పెట్టే కూరగాయల గంప ఎప్పుడూ ఆమెదే.

దడి తలుపు తీసి అక్కడే నిలబడిపోయింది. పెరడు లేదు. నడుములోతు గొయ్యి ఉంది. గట్టున పచ్చి ఇటుకలు వరసల్లో ఆరుతున్నాయి. అవతల కాల్చి విప్పిన బట్టీ ఒకటి, దాని పక్కనే కొత్తది పేర్చడానికి కట్టెలు దింపుతున్న ఇటుకల చిట్టియ్య.

కోడలు దేవకుమారి తల వంచుకుని బయటికొచ్చింది. అత్తగారు వచ్చేసరికి పెంకుటిల్లు లేపాలని తన మొగుడు అనుకున్నాడట, చెప్పొద్దన్నాడట. అంతలో కొడుకు ఏసుపాదం నవ్వుతూ వచ్చాడు. మిషను బళ్లో పెద్ద పంతులయ్యాక, ఎవరైనా ఇంటికొస్తే తాటాకు ఇంట్లో కూర్చోబెట్టడానికి మొహం చెల్లడం లేదన్నాడు. మొదటి బట్టీ సరిగా కాలలేదుగానీ రెండోది బాగా వస్తుందన్నాడు.

సువార్తమ్మ కాలిన ఇటుక ఒకటి తీసింది. చేతిలోనే పొడిపొడి అయిపోయింది.

"ముందే చెప్పానండీ," అన్నాడు చిట్టియ్య నెమ్మదిగా. "ఇది పాదుల మట్టండి, ఎరువు మట్టి. కాలిస్తే లోపలంతా గుల్లయిపోద్దని. పంతులుగారేమో మట్టి మట్టేనన్నారండి."

ఆమె పచ్చి ఇటుకను నేలకు కొట్టింది. రెండు చెక్కలైన ఇటుకలో ఎండిపోయిన వానపాము దారంలా అంటుకుని ఉంది. దాన్ని కొడుకు కళ్ల ముందు పెట్టింది.

"మీ నాన్న పోయిన ఏడు ఊరంతా పస్తులుంటే ఈ మట్టిలో కంద తవ్వి నిన్ను బతికించానురా."

ఏసుపాదానికి ఉక్రోషం వచ్చింది. కాలువ నిండా మట్టేనని, దీనికింత రాద్ధాంతమేమిటని అడిగాడు. ఆ పైన ఎన్నాళ్లుగా లోపల దాచుకున్నాడో, ఆ మాటా అనేశాడు.

"బళ్లో అయినా, గుళ్లో అయినా నన్ను మట్టిమోసేదాని కొడుకనే అంటారమ్మా. ఆ మాట వినబడకూడదనే ఈ ఇల్లు."

సువార్తమ్మ మొహం నల్లబడిపోయింది. ఏడవలేదు. నూతి దగ్గరికెళ్లి కడవ నింపుకొచ్చి పచ్చి ఇటుకల మీద కుమ్మరించింది. మళ్లీ వెళ్లింది, మళ్లీ కుమ్మరించింది.

"అమ్మా, నెల రోజుల పని అది!"

"నాది ముప్పై ఏళ్ల పని."

నాలుగో కడవ వంచుతుంటే తలమీది కొంగు జారింది. నడినెత్తిన అరచేయంత మేర ఒక్క వెంట్రుక లేదు. చిన్నప్పుడు కొడుకు అడిగితే జ్వరమొచ్చి ఊడిపోయిందిరా అనేది. ఏసుపాదం ఆ చోటుకేసి చూశాడు, గోతిలోకి చూశాడు.

"జ్వరం కాదు కదమ్మా," అన్నాడు.

ఆమె కొంగు సర్దుకుంది. అతను చొక్కా విప్పి కడవ అందుకోబోతే ముందు ఇవ్వలేదు. తరవాత ఇచ్చింది. మధ్యాహ్నానికి పచ్చి ఇటుకలన్నీ బురదై గోతిలోకి చేరాయి. పావు వంతు కూడా నిండలేదు. కాలినవాటి మీద ఎన్ని నీళ్లు పోసినా మట్టి కాలేదు. ఆ సాయంత్రం సొరవిత్తులు పెడదామని అతనంటే, వానపాము తిరిగొచ్చాక చూద్దామని మూట చూరులో దోపేసింది. కొడుకుతో అవసరమైన మాట తప్ప మాట్లాడలేదు. ఆ ఏడు కోత పండుగకు ఆమె గంప ఉండదని ఇద్దరికీ తెలుసు.

నెలన్నరకు కాలువ కట్టేశారు. పూడిక తీత మొదలైన రోజు సాయంత్రం సువార్తమ్మ దడి దగ్గర నిలబడి ఉంది. బడి పిల్లలు గుంపుగా ఆగి వింతగా చూస్తున్నారు. వాళ్ల మధ్య నుంచి పెద్ద పంతులుగారు పంచె ఎగగట్టి, నెత్తిన ఒండ్రు తట్టతో, మెడ వణుకుతుంటే మొహం దించకుండా నడిచి వస్తున్నాడు. తట్టలోంచి నీళ్లు చెంపల మీదుగా కారి చొక్కా అంతా బురదైంది.

ఇన్నాళ్లూ ఆపుకున్న ఏడుపు ఆమెకు అప్పుడొచ్చింది. కొంగుతో కళ్లు తుడుచుకుని ఎదురెళ్లి తట్టకు చెయ్యి వేసింది.

"గుడ్డ చుట్టకుదురు లేకుండా మోస్తే నెత్తి పోదురా," అంది, "నాలాగా?"