లేని భుజం నొప్పి

పొద్దున్నే గరాజ్‌లో స్కిప్పింగ్ తాడు నేలను కొడుతున్న చప్పుడు వింటూ ఉప్మాకి రవ్వ వేయించడం వసుమతికి అలవాటు. ఆ చప్పుడు ఆగిందంటే కూతురు చెమటలు కక్కుతూ వచ్చి ఫ్రిజ్ తలుపు తీస్తుందన్నమాట. ఆ రోజు చప్పుడు ఆగింది గానీ నైనిక రాలేదు. ఫోన్లో ఎవరితోనో "యెస్ సర్, నో సర్" అంటున్న మాటలు మాత్రం తలుపు సందులోంచి వినిపించాయి.

అమెరికాలోని ఆ ఆష్‌బర్న్ ఊళ్ళో నైనిక తెలియని తెలుగువాళ్ళు లేరు. అమెచ్యూర్ బాక్సింగ్‌లో వరసగా రెండేళ్ళు జాతీయ చాంపియన్. ఆడపిల్లకి ముక్కు పగిలే ఆటేమిటని మొదట్లో మూతి విరిచినవాళ్ళే, మెడల్ రాగానే మన పిల్ల, మన పిల్ల అంటూ తెలుగు సంఘం వేదిక మీద శాలువా కప్పి ఫొటోలు దిగారు. పద్దెనిమిదేళ్ళకే అక్కడి సైన్యంలో, నేషనల్ గార్డ్‌లో చేరిందని తెలిసి మరీ మురిసిపోయారు. అసలే చాంపియన్, ఆపైన సిపాయి. శాలువాలు కప్పేవాళ్ళకి అంతకంటే ఏం కావాలి.

అలాంటి పిల్ల, తన యూనిట్‌ను విదేశానికి పంపుతున్నారని ఆర్డర్లు రాగానే, తుపాకీ పట్టనంది. మనిషిని చంపడానికి తన మనస్సాక్షి ఒప్పుకోదని దరఖాస్తు పెట్టింది. ఆ సంగతి వార్తల్లోకి ఎక్కేసరికి లోకానికి పని దొరికింది. ముక్కూ మొహం తెలియనివాళ్ళు పువ్వులు పంపారు. ముక్కూ మొహం తెలియనివాళ్ళే పిరికిపంద అని మెసేజ్‌లు పెట్టారు. ఇండియన్ స్టోర్ గోడ మీద ఆమె పోస్టర్ పోయి నాలుగు మూలలా టేపు ముక్కలు మిగిలాయి. "పిడికిలితో మొహాలు పగలగొట్టే పిల్లకి ఉన్నట్టుండి అహింస గుర్తొచ్చిందా" అని గుళ్ళో ఒక పెద్దాయన వసుమతికి వినబడేలాగే అన్నాడు.

ఇంట్లోనూ అదే గొడవ. వసుమతి భర్త రవికుమార్ డేటా సెంటర్‌లో మేనేజరు. దరఖాస్తు పెట్టిన రోజు నుంచి కూతురితో ముక్తసరిగా తప్ప మాట్లాడటం లేదు.

"సైన్ చేసినప్పుడు లేని బుద్ధి ఇప్పుడెక్కణ్ణించి వచ్చింది?" అన్నాడు ఆ పొద్దున కూడా, షూ లేసు కట్టుకుంటూ. "శశికాంత్ గారి అబ్బాయి ఆరవ్ ఇలాగే ఆర్డర్లొస్తే వెళ్ళలేదా? వాడిదీ ప్రాణం కాదా?"

వసుమతి పోపులో నీళ్ళు పోసింది. ఆరవ్ పేరు వింటే, వాళ్ళమ్మ మనీషా గుర్తొచ్చి ఆమె గుండెలో ఎక్కడో గుచ్చుకుంటుంది. ఎందుకు గుచ్చుకుంటుందో భర్తకి తెలుసు, కూతురికే తెలియదు.

నైనిక లోపలికి వచ్చింది. చేతులకు చుట్టుకున్న బట్ట ఇంకా విప్పలేదు.

"అమ్మా, కెప్టెన్ కాల్ చేశాడు. నా కేసు ఎంక్వైరీ చేసే ఆయన. శశికాంత్ అంకుల్ నా కేరెక్టర్ గురించి చెప్తారని నేనే నంబర్ ఇచ్చాను కదా. అంకుల్ ఏం చెప్పారో తెలుసా? కాన్షియన్స్ అదంతా న్యూస్ వాళ్ళ మాటలు, పాపం అసలు ప్రాబ్లెమ్ షోల్డర్ ఇంజ్యూరీ అని. నాకు షోల్డర్ ఇంజ్యూరీ ఎప్పుడయింది అమ్మా?"

గరిటె వసుమతి చేతిలోనే ఉండిపోయింది. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఆమె ఆడిన అబద్ధం మరీ అతికిపోయి, ఊడదీయరానంత గట్టిగా బిగుసుకుంది.

"నేనే చెప్పాను," అంది చివరికి. "మనీషా వదినకి. పేపర్లవాళ్ళు ఏదో రాస్తున్నారు గానీ వదినా, దానికి భుజం పట్టేసింది, అందుకే పంపడం లేదు అన్నాను. ఆవిడ వెళ్ళి ఆయనకి చెప్పినట్టుంది."

"ఎందుకు?"

"ఎందుకంటే ఏం చెప్పను? కొడుకు అక్కడున్నాడు. రోజూ ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చుంటుంది. అలాంటిదాని ఎదురుగా నిలబడి, మా అమ్మాయి వెళ్ళనంటోంది అని ఏ నోటితో చెప్పమంటావు?"

రవికుమార్ లేచి వచ్చాడు. "సరేలే, అయిందేదో అయింది. ఇదీ ఒకందుకు మంచిదే. మా కొలీగ్ వాళ్ళ తమ్ముడు ఆర్థోపెడిక్. ఓ ఎమ్మారై తీయించి, రాయించుకొస్తే మెడికల్‌గా వదిలేస్తారు. మచ్చ లేకుండా బయటపడతావు."

"నా భుజం బాగుంది నాన్నా."

"బాగుందని నీకు తెలుసు, నాకు తెలుసు. వాళ్ళకి తెలియాలా?"

నైనిక చేతికి చుట్టుకున్న బట్ట విప్పుతూ తండ్రి వైపు చూసింది. ఆమె కళ్ళలో కోపం కంటే అలసటే ఎక్కువగా ఉంది.

"నాన్నా, ట్రైనింగ్‌లో టార్గెట్ మనిషి షేప్‌లో ఉంటుంది. అది పడిపోతే అందరూ క్లాప్స్ కొట్టారు. నేనూ కొట్టాను. తర్వాత నాకు అన్నం దిగలేదు. రింగ్‌లో నేను కొడితే ఎవరైనా పడిపోతారు. అప్పుడు నేను దూరంగా వెళ్ళి మూలన నిలబడాలి. రిఫరీ కౌంట్ చేస్తాడు. ఆ అమ్మాయి లేవాలని నేనే అందరికంటే ఎక్కువ కోరుకుంటాను. అక్కడ అలా కాదు. అక్కడ లేవకూడదని కొట్టాలి. అది నేను చెయ్యలేను. నా దగ్గర ఇంకేం లేదు, నేను చెప్పేది నిజం, అంతే. ఇప్పుడు కెప్టెన్ అంటున్నాడు, ఒక సాకు కాకపోతే ఇంకో సాకు వెతుకుతున్నావా అని. ఎల్లుండి హియరింగ్‌లో ఆన్సర్ చెయ్యాలి. వాళ్ళు నమ్మకపోతే ఫ్లైట్ ఎక్కాలి. ఎక్కకపోతే జైలు."

జైలన్న మాటకి రవికుమార్ కుర్చీలో కూలబడ్డాడు.

"నీ మంచికే అన్నానమ్మా," అంది.

"నేనంటే నీకు సిగ్గుగా ఉంది కదా అమ్మా," అంది నైనిక. గొంతు పెంచలేదు. "నన్ను పిరికిది అన్నవాళ్ళు కూడా నేను చెప్పింది నమ్మారు. నమ్మారు కాబట్టే తిట్టారు. నువ్వొక్కదానివే నా మాట మార్చేశావు."

ఆ మాట వసుమతికి చెంప మీద కొట్టినట్టు తగిలింది. పోస్టర్ చించినవాడి మీదా, గుళ్ళో పెద్దాయన మీదా ఇన్నాళ్ళూ పళ్ళు కొరికింది. వాళ్ళెవరూ చెయ్యని అన్యాయం తనే చేసిందని అప్పుడర్థమైంది. స్టవ్ కట్టేసి, పమిట దులుపుకుని, "పద, కారు తియ్యి," అంది.

శశికాంత్ ఇల్లు నాలుగు వీధుల అవతల. నైనికను కార్లోనే ఉండమని వసుమతి ఒక్కతే వెళ్ళి బెల్ కొట్టింది. మనీషా తలుపు తీసింది. ఎప్పటిలాగే చేతిలో ఫోనుంది.

"రా వదినా. చాయ్ పెడుతున్న, తాగుదువు గాని. పిల్ల భుజం ఎట్లుంది?"

"కూర్చోను వదినా. భుజం బాగానే ఉంది. దానికెప్పుడూ భుజం నొప్పి లేదు. నేను నీతో అబద్ధం చెప్పాను."

మనీషా ఫోను టేబుల్ మీద పెట్టింది. వసుమతి ఏదీ దాచలేదు. పేపర్లలో వచ్చిందే నిజమని, చంపే పని చెయ్యనని తన కూతురు తెలివిలో ఉండే చెప్పిందని, ఆ ముక్క ఆరవ్ తల్లి ముందు చెప్పలేక భుజం మీదికి నెట్టానని, ఇప్పుడు ఆ అబద్ధమే పిల్ల మెడకి చుట్టుకుందని చెప్పింది.

మనీషా వంటింట్లోకి వెళ్ళి చాయ్ స్టవ్ కట్టేసి వచ్చింది.

"మరి మా ఆరవ్‌కు మనస్సాక్షి లేదా వదినా?" అంది.

ఆ ప్రశ్నకి జవాబుందని ఎవరైనా అంటే, వాళ్ళు తమ కొడుకుని అక్కడికి పంపినవాళ్ళు కారు.

"మంగళవారం మంగళవారం గుడికి పోయి వాని పేరుతోపాటు నీ బిడ్డ పేరు గూడ చెప్పి అర్చన చేయిస్తున్న," అంది మనీషా. "భుజం తొందరగా నయం కావాలని. పంతులుగారు మీ గోత్రమేందని అడిగితే నీకే కదా ఫోన్ చేసిన. అప్పుడన్న చెప్పకపోతివి."

"తప్పయింది వదినా. కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను."

"కాళ్ళెందుకు. ఆయనతోని ఆ కెప్టెన్‌కు ఫోన్ చేయిస్త. నీ నోట విన్నదే చెప్పిండని, అది నిజం కాదని చెప్తడు. నైనిక చేసింది నాకు నచ్చి కాదు, అది మాత్రం యాదుంచుకో. అబద్ధం పెట్టి ఒక పిల్లను జైలుకు తోలిన పాపం నాకొద్దు. మా వాడు అక్కడున్నడు." మనీషా మళ్ళీ ఫోను చేతిలోకి తీసుకుంది. "ఒక్కటే మాట వదినా. వాడు తిరిగొచ్చేదాక నువ్వు మా ఇంటికి రాకు. నిన్ను చూస్తే దేవుణ్ణి ఏమడగాల్నో నాకు సమజయితలేదు."

తలుపు చప్పుడు కాకుండా మూసుకుంది. గట్టిగా వేసి ఉంటే వసుమతికి కొంచెం తేలిగ్గా ఉండేదేమో. ఈ దేశంలో పురుడు పోయడానికి తల్లి రాలేకపోతే, తల్లిలా నిలబడిన మనిషి మనీషా. ఇక ఆ గడప తొక్కేదెప్పుడో తెలియదు. ఆరవ్‌కి ఏమైనా అయితే ఎప్పటికీ లేదు.

కార్లో కూర్చుని కెప్టెన్ నంబరు కలపమంది. తనకొచ్చిన ఇంగ్లీషులోనే, తడబడుతూ, భుజం సంగతి తను కల్పించిందని చెప్పింది. హియరింగ్‌కి వచ్చి ఎదుట కూడా చెబుతానంది. ఆయన విని, మీ కూతురి నిర్ణయం మీకు సమ్మతమేనా అని అడిగాడు. వసుమతి పక్కకి చూసింది. నైనిక స్టీరింగ్ పట్టుకుని ఎదురుగా చూస్తోంది.

"నో సర్," అంది వసుమతి. తనకింకా అర్థం కాలేదని, ఆరవ్ తల్లిని చూస్తే ఇప్పటికీ తల ఎత్తుకోలేనని, కానీ తన కూతురు అబద్ధం ఆడదని, ఇంట్లో అబద్ధం ఆడింది తానని చెప్పింది. ఆయన రాసుకుంటున్నానన్నాడు. తీర్పు రావడానికి నెలలు పడుతుందని, ఎలా వస్తుందో మాత్రం ఎవరూ చెప్పలేరని ఫోన్ పెట్టేశాడు.

నైనిక కారు తాళం తిప్పబోయి, మానేసింది.

"నమ్మకపోవచ్చు అమ్మా," అంది నైనిక. "జైలుకే వెళ్ళాల్సి రావచ్చు. నువ్వు చూడ్డానికి వస్తావా?"

"వస్తాను."

"ఎవరో ఒక ఆంటీ ఆగి అడుగుతుంది, మీ అమ్మాయి కనిపించట్లేదు, ఎక్కడుంది అని. ఏం చెప్తావు?"

వసుమతి పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకోబోయి, మానేసింది.

"మనిషిని చంపనంది, అందుకని జైల్లో పెట్టారు అని చెబుతాను," అంది. చెబుతూనే, కూతురి భుజం మీద తల ఆనించి భోరుమని ఏడ్చింది.