మరక లేని అట్ట

ఆదివారం తెల్లవారగానే ఏసేపు తన పాత అంబాసిడర్ కిందికి వంగి, రాత్రి పరిచిన అట్టను బయటికి లాగాడు. కమలాపురంలో బాడుగకు తిప్పే ఆ కారు కింద రోజూ అట్ట పరిచి, పొద్దున్నే మరకలు చూడడం అతని అలవాటు. నల్లమరక ఉంటే ఇంజనాయిల్ కారినట్టు. కొన్నాళ్లుగా అట్ట శుభ్రంగా ఉంటోంది.

"స్తోత్రం దేవా!" అంటూ ఇంట్లోకి వచ్చాడు. "ఏమ్మే, ఆయిల్ కారడం నిలిచిపోయినాది. ఇంజన్లో టకటకా పోయినాది. రాత్రిళ్లు నీ రొమ్ములో పిల్లికూతలూ పోయినాయి. దేవుడు చేసిన మేలు గురించి ఈ పొద్దు చర్చిలో సాక్ష్యం చెప్తా. ఇంక నిన్ను కర్నూలు ఆస్పత్రికి తిప్పే పన్లేదు."

గోడకు ఆనుకుని కూర్చున్న భార్య విశ్వాసమ్మ నవ్వి ఊరుకుంది. రాత్రే కడప నుంచి వచ్చిన కూతురు మహిమ మాత్రం ఊరుకోలేదు.

"పిల్లికూతలు పోయినాయా? అమ్మ రొప్పుకు రాత్రంతా నేను కండ్లు ముయ్యల్యా నాయనా!"

"నీదంతా అనుమానం. దా, ఇంజన్ ఇందువుగాని."

కారు స్టార్ట్ చేసి, పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్ మీద, పిడి చెవి దగ్గర పెట్టుకున్నాడు. "సూడు, ఎంత నిమ్మళంగా ఉండాదో!"

ఎదురింటి ఆటో ఇమామ్ నవ్వుతూ కేకేశాడు. "ఏసేపన్నా, ఇంట్లో కొలిమి పెట్టినావా ఏంది?"

"ఏమంటాండాడు వాడు?" అన్నాడు ఏసేపు.

మహిమ తండ్రి ముఖంలోకి చూసి ఇంజన్ ఆపేసింది. ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ లాగి అతని ముందు పెట్టింది. కొస పొడిగా ఉంది.

"కారడానికి లోపల ఆయిల్ ఉంటే గదా నాయనా! అది సుత్తితో కొట్టినట్టు కొట్టుకుంటాండాది. నీకు వినపడల్యా?"

"మీసాలు రాకముందు నుంచి ఇంజన్లు ఇంటాండా. నువ్వా నాకు చెప్పేది?" అని గద్దించాడు. కానీ ఇందాక చేతిలో పిడి అదిరిన సంగతి అరచేతికి ఇంకా తెలుస్తోంది. చేయి అబద్ధం చెప్పదు.

ఇంట్లోకి పోయి భార్య ముందు గొంతుక్కూర్చున్నాడు.

"నువ్వన్నా చెప్పకూడదా?"

"నువ్వు అంత సంతోషంగా స్తోత్రం చెప్తాంటే యాట్ల కాదందును, మహిమ నాయనా?" మాట మాటకూ ఆగి ఊపిరి పీల్చుకుంది. "చెవులు పోయినాయని తెలిస్తే బండి దిగాల్సొస్తాదని ఏడుస్తావనుకున్నా."

ఏసేపు ఆమె వీపు మీద అరచేయి ఆనించాడు. లోపల గరగరా అదురుతోంది, పాడైన ఇంజన్‌లాగే. ఇన్ని రాత్రులు పక్కనే పడుకుని తాను కృతజ్ఞతలు చెప్పింది దీనికా? ప్రభువు తగ్గించింది ఆమె జబ్బును కాదు, తన వినికిడిని. ఎందుకో అడగాలనిపించింది. అడిగినా, జవాబు ఈ చెవులకు అందుతుందా?

"ఇమామూ, ఆటో తీయప్పా, బస్టాండుకు. ఇప్పుడే కర్నూలు పోవల్ల" అని బయటికి కేకేసి విశ్వాసమ్మను రెండు చేతులతో లేపాడు.

"సాక్ష్యం?" అందామె మెల్లగా. మాట వినపడలేదు గానీ, పెదవులు చూసి అర్థం చేసుకున్నాడు.

"నువ్వు తిరిగొచ్చినాక" అని ఏడ్చేశాడు.

ఆటో కదిలాక తల్లీ కూతుళ్లిద్దరూ ఒక్కసారే వీధి చివరికి తల తిప్పారు. చర్చి గంట మోగుతున్నట్టుంది. ఏసేపు కళ్లు మూసుకుని, ఆమె వీపు మీద చేయి తీయకుండా కూర్చున్నాడు.