కారు కింద చూసిన గౌరి

కొనడానికి వచ్చినవాళ్లు ముందు రంగు చూస్తారు, తర్వాత పాటలు పెట్టించుకుని వింటారు, కిందికి ఎవరూ చూడరు. ఇది కాశీబుగ్గలో పాత కార్లు అమ్మే లోకేష్ లెక్క. 2004 శ్రావణంలో ఆ లెక్క తప్పింది. అక్కుపల్లి నుంచి వచ్చిన గౌరి చున్నీ నడుముకి చుట్టుకుని, ఎర్ర కారు కింద సగం దూరిపోయింది.

"బయటికి రండి మేడమ్! స్పోర్ట్స్ మోడలది. పికప్ సూడాల గానీ అడుగేటి సూత్తారు?"

"పికప్ నాకెందుకు? మా నాన్నకి కిడ్నీలు పోయాయి. వారానికి రెండుసార్లు వైజాగ్ డయాలసిస్‌కి తీసుకెళ్లాల. బస్సులో కూకోలేకపోతన్నాడు. దారిలో ఆగని కారు కావాల."

బయటికొచ్చి నల్లబడిన వేళ్లు వాసన చూసింది.

"ఇది పెయింట్ కాదు, జీడి నూనె. ఎవులు పూసినారు?"

"నేనే. పడవలకి పూయరేటి? తుప్పు రాదు."

"పడవ చెక్క బావూ, ఇది రేకు. సముద్రం ఒడ్డున ఉప్పుగాలికి నిలబడ్డ బండి, కడక్కండా పూసేసినారు. తుప్పు లోపల కూకుని తినేత్తంది."

స్క్రూడ్రైవర్‌తో పొడిచింది. వెనక సీటు ముందు నేల చిల్లుపడింది.

"మా నాన్న కాళ్లు పెట్టే చోటిది," అంది.

లోకేష్ తల దించుకున్నాడు. జీడి నూనెకి ఆమె వేళ్లు పొక్కుతాయని కొబ్బరినూనె తెచ్చిచ్చాడు. పది రోజులు గడువడిగి, కుళ్లిన రేకు కోయించి కొత్తది వెల్డింగ్ చేయించాడు. టైమింగ్ బెల్టు, రేడియేటర్ గొట్టాలు మార్చి, గౌరి చేతికి తాళాలిచ్చాడు.

"వారానికోసారి అడుగు మంచినీళ్లతో కడగండి. ఆయిల్ తారీఖు దాటనీకండి. వేడి ముల్లు సగం దాటిందా, ఆపెయ్యండి. ఇంకో కిలోమీటరని ఆశపడొద్దు."

ఆమెకి డ్రైవింగ్ నేర్పే వంకతో మంగళవారం, శుక్రవారం తనే నడిపాడు. అద్దంలో ఆమె చూపు తగిలితే గేరు తప్పేది. వెనక నుంచి తండ్రి అప్పలసూరి నవ్వేవాడు.

"ఏటి బావూ, కారు అమ్మేసినావు గానీ నువ్వు దిగవేటి?"

మరుసటి ఏడు ఆశ్వయుజంలో, వైజాగ్ నుంచి తిరిగొస్తుంటే టెక్కలి దాటాక ఆ నవ్వు ఆగిపోయింది. కారు మాత్రం ఎక్కడా ఆగలేదు.

పెద్దకర్మ అయ్యాక గౌరి కారు తీసుకుని లోకేష్ దగ్గరికి వచ్చింది.

"అమ్మేత్తారా?" అడిగాడు.

"లేదు. మా వీధిలో డయాలసిస్ కి ఎల్లాల్సినోళ్లు ఇంకా ముగ్గురున్నారు. మంగళవారం వత్తారా?"

"వత్తాను. కానీ నేను ఇన్నాళ్లూ కారు కోసం రాలేదండీ."

గౌరి హ్యాండ్‌బ్యాగ్‌లోంచి కాగితం తీసింది.

"మా ఊల్లో ఇంటింటా ఈ కిడ్నీ జబ్బే. మా ఊరి పిల్లంటే సంబంధాలోళ్లు గుమ్మంలోంచే ఎల్లిపోతారు. మీరు బేరగాడు. మాటిచ్చే ముందు కింద సూసుకోండి."

రక్తపరీక్ష రిపోర్టు, ఆమె పేరు మీదే. కిడ్నీల పని చెప్పే క్రియాటినిన్ ఒకటి పాయింట్ ఆరు, ఉండాల్సినదానికంటే ఎక్కువ. అప్పలసూరిది తొమ్మిది దాకా వెళ్లడం అతను చూశాడు. ఆమె వయసు వేశాడు, మిగిలే ఏళ్లు వేశాడు. ఎటు కూడినా లాభం తేలలేదు.

డాష్‌బోర్డు తెరిచి కారు సర్వీసు పుస్తకం తీశాడు.

"మళ్లీ టెస్టు ఎప్పుడు?"

"మూడు నెలలకి."

"తారీఖు సెప్పు."

అండీ లేకుండా మాట్లాడటం అదే మొదటిసారి.

"ఫిబ్రవరి ఏడు. మంగళవారం."

ఆయిల్ మార్చాల్సిన తేదీ కింద ఆ తేదీ రాసి, పక్కన 'ఇద్దరం' అని రాశాడు.